మూడవ డిస్కుకు సంజాయిషీ నోటీసు

సోమవారం పొద్దున్నే జనన మరణ భాండాగారంలో మూడో డిస్కు దగ్గర ఎర్రదీపం వెలిగింది. ఆ సంగతి చెప్పడానికి ప్రోగ్రామరు ఫర్హానా పరుగున వచ్చేసరికి సూపరింటెండెంటు పానకాలరావు స్టాంపుప్యాడు తడుపుకుంటున్నాడు.

"సార్, మూడో డిస్కు పోయిందండీ."

పానకాలరావు తలెత్తలేదు. "పోవడమంటే ఏ పోవడం? చెడిపోయిందా, ఎవరన్నా ఎత్తుకుపోయారా? రెండింటికీ ఫైళ్లు వేరు."

"చెడిపోయిందండీ. ఎర్రలైటు వెలుగుతోంది."

"వెలుగుతోందంటే ఇంకా కాస్త ప్రాణం ఉన్నట్టేగా?"

ఈ ఆఫీసులో చేరిన కొత్తల్లో ఫర్హానా ఇలాంటి వాటికి జవాబులు చెప్పేది. ఇప్పుడు మానేసింది.

ఈ భాండాగారం సంగతి కాస్త చెప్పుకోవాలి. రాష్ట్రంలో ఏ పంచాయతీలో ఎవరు పుట్టినా, ఏ మునిసిపాలిటీలో ఎవరు పోయినా ఆ వివరం ఇక్కడికి చేరాల్సిందే. పాత రిజిస్టర్లలో ఒక్కో పేజీకీ ఫొటో తీసి ఓ ఇనప పెట్టెలోకి ఎక్కించారు. ఎక్కించాక ఇంకా కాగితాలెందుకని, రిజిస్టర్లన్నీ లారీలకెత్తి, బ్యాండుమేళం పెట్టి, జెండా ఊపి మరీ కాగితం మిల్లుకి పంపించారు. ఆ రోజు అందరికీ లడ్డూలు కూడా పంచారు. అప్పట్నుంచీ రాష్ట్రంలో మనిషన్నవాడు పుట్టాడనడానికి సాక్ష్యం ఆ పెట్టెలోని అయిదు డిస్కులే.

నిజానికి ఆరుండేవి. ఆరోది ఏ పనీ చెయ్యదు. ఊరికే తిరుగుతూ కూర్చుంటుంది. అయిదింటిలో ఏదన్నా పోయిన క్షణంలో తనంతట తానే దాని చోట్లోకి వచ్చి పని అందుకోవడానికే అది ఉన్నది. కిందటేడు ఆడిట్‌వాళ్లు వచ్చి, "సదరు ఆరవ డిస్కు రెండు సంవత్సరములుగా విద్యుత్తు వినియోగించుచూ ఎట్టి విధులను నిర్వర్తించకుండుట గమనించనైనది" అని అభ్యంతరం రాశారు. ఆఫీసంతా హడలిపోయింది. అప్పుడు పానకాలరావు కలం తీశాడు. "సదరు డిస్కును డైరెక్టరు వారి పేషీకి మూడు సంవత్సరముల డెప్యుటేషనుపై పంపనైనది" అని ఒక్క వాక్యం రాశాడు. ఆడిట్ నోరు మూతపడింది. డైరెక్టరు విరూపాక్షం గారు అతని భుజం తట్టారు. ఆ భుజం సంగతి పానకాలరావు కనిపించిన ప్రతి పెళ్లిభోజనంలోనూ చెబుతూనే ఉన్నాడు.

ఆరో డిస్కు ఇప్పుడు విరూపాక్షం గారి గుమ్మం ముందు కెమెరాకి పనిచేస్తోంది. ఆయన కోసం ఎవరు వచ్చారు, ఎంతసేపు నిలబడ్డారు, నిలబడ్డప్పుడు మొహం ఎలా పెట్టారు అన్నవన్నీ భద్రపరుస్తోంది.

"ఆ డిస్కు వెనక్కి తెప్పించండి సార్," అంది ఫర్హానా. "ఇప్పుడే పెట్టేస్తా."

"డెప్యుటేషను గడువు కాకుండా రమ్మంటే అది కోర్టుకెళితే?" అన్నాడు పానకాలరావు. అన్నాక తనకే నవ్వొచ్చింది గానీ, నవ్వితే ఆ మాట వెనక్కి తీసుకున్నట్టవుతుందని ఆపుకున్నాడు. "సరే, అసలు ఇబ్బందేంటో చెప్పు. ఆఫీసు నడవట్లేదా?"

"నడుస్తోంది సార్. అయిదింటిలో ఏ ఒక్కటి పోయినా, మిగతా నాలుగూ తమ దగ్గరున్నది కలుపుకుని లెక్క కట్టి, పోయినదాంట్లో ఏముందో చెప్పేస్తాయి. కాకపోతే ప్రతిదానికీ నాలుగిటినీ అడగాలి గనక నెమ్మదిస్తుంది. ఈలోపల ఇంకొకటి పోయిందంటే మాత్రం..."

పానకాలరావు అప్పటికే కలం తీసేశాడు. ఒకటి పోయినా పని ఆగదన్న ముక్క దగ్గరే అతని చెవులు మూసుకున్నాయి. "ఆహా! ఎంత మంచి ఏర్పాటమ్మా! మనుషుల్లో కూడా ఇలా ఉంటే ఎంత బావుండేది!" అంటూ నోట్ మొదలెట్టాడు.

"మూడవ డిస్కు విధులకు మిగిలిన నాలుగు డిస్కులు సమష్టిగా అదనపు బాధ్యతలు నిర్వర్తింపగలవని సాంకేతికముగా ధ్రువపడినది. కావున సదరు ఖాళీని తక్షణము భర్తీ చేయవలసిన అగత్యము కానరాదు. తమ దివ్య పరిశీలనార్థము."

విరూపాక్షం గారు ఆ నోట్ రెండుసార్లు చదివి, పచ్చసిరాతో సంతకం పెట్టి, పక్కన "అద్భుతం" అని రాశారు.

ఇక్కడ పానకాలరావు సొంత గోడు ఒకటుంది. అతన్ని బళ్లో వేసిన రోజున పంతులుగారు కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకోమన్నారు. చెయ్యి అందలేదు. వాళ్ల నాన్న ఆ చేతిని పట్టి లాగి, ఎలాగో అందించి, "అందింది గదండీ, రాసుకోండి" అన్నాడు. పంతులుగారు రెండేళ్లు కలిపి రాసుకున్నారు. ఆ కలిపిన రెండేళ్లూ ఇప్పుడొచ్చి మీద పడ్డాయి. ఈ నెలాఖరుకి పానకాలరావు రిటైరవ్వాలి. కానీ వాళ్ల ఊరి పంచాయతీ రిజిస్టర్లో అసలు పుట్టినరోజు ఉంది. ఆ పేజీ ఫొటో పెట్టెలో ఉంది. భాండాగారం ధ్రువపత్రం చూపించినవాళ్లకి సర్వీసు రిజిస్టర్లో తేదీ దిద్దుకునే వీలు ప్రభుత్వం ఒక్కసారికి ఇచ్చింది, అదీ ఈ నెలాఖరు దాకానే. పత్రం చేతికొస్తే ఇంకో రెండేళ్లు. ఆ రెండేళ్లలో అసిస్టెంట్ డైరెక్టరు. గుమ్మానికి తెర, తెర బయట బెంచీ, బెంచీ మీద జనం.

రిటైరయితే ఏం చెయ్యాలో అతనికి నిజంగా తెలీదు. ఇంట్లో వర్ధనమ్మకీ అదే బెంగ. "మీరు ఇంట్లో కూర్చుంటే పాలప్యాకెట్టుకి కూడా నోట్ పెట్టమంటారు, నావల్ల కాదు బాబూ. ఆ కాగితమేదో ముందు తెచ్చుకోండి" అని రోజూ పోరుతోంది.

ఆ కాగితం ఫర్హానా రెండు నిమిషాల్లో తీసివ్వగలదు. ఆ మాట ఆవిడే అంది కూడా. "సార్, మీ పేజీ ఇప్పుడే ప్రింటు తీసి సంతకాలకి పెట్టనా? పెట్టె పరిస్థితి బాలేదు."

పానకాలరావు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "సిబ్బంది సొంత రికార్డులు వరుస తప్పి తీసుకోరాదని సర్క్యులరుందమ్మా. దాని ముసాయిదా రాసిందెవరనుకున్నావ్? నా వంతు నెలాఖరు వారంలో వస్తుంది. అప్పుడే తీసుకుంటాను, దర్జాగా."

ఈలోపల ఫర్హానా కంపెనీకి ఫోను చేసింది. గ్యారంటీ ఉంది గనక కొత్త డిస్కు ఊరికే ఇస్తాం, పాతది తీసి పంపండి చాలు అన్నారు వాళ్లు. ఆవిడ సంబరంగా వచ్చి చెప్పింది.

"పాతది తీస్తావా?" పానకాలరావు కుర్చీలోంచి లేచాడు. "విచారణ కాకుండా తీస్తే సాక్ష్యం తారుమారు చేసినట్టు కాదూ? వాడకపు గడువు అయిదేళ్లు. ఇది మూడేళ్లకే పోయింది. బాధ్యులెవరో తేల్చాలా వద్దా?"

తేల్చడానికి కమిటీ కూర్చుంది. బాధ్యత ఫర్హానా మీద వెయ్యాలని చూస్తే, డిస్కులు పోయేలా ఉన్నాయని ఆవిడ ముందే మూడుసార్లు రాసిపెట్టింది. కంపెనీ మీద వేద్దామంటే వాళ్లు కొత్తది ఊరికే ఇస్తామంటున్నారు, అలాంటివాళ్లని ఏమంటాం? డైరెక్టరు గారి మీద వేసే మాట ఎవరి నోటా రాలేదు. ఇక మిగిలింది డిస్కు ఒక్కటే. ప్లేట్లలో పకోడీలు అయిపోయాయి. ఆఖరికి పానకాలరావే గొంతు సవరించుకుని, "సహజ న్యాయసూత్రాల ప్రకారం ఎదటివాళ్లకి ఒక అవకాశం ఇవ్వాలి గదండీ" అన్నాడు. మర్నాడు పెట్టె మీద కాగితం అంటించారు.

"మూడవ డిస్కు గారికి. తాము సోమవారము ఉదయము నుండి ముందస్తు అనుమతి లేకుండ విధులకు గైరుహాజరై యున్నారు. తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలయును. లేనియెడల తాము చెప్పుకొనుటకేమియు లేదని భావించి తగు చర్య గైకొనబడును."

కాగితం సరిగ్గా గాలి పోయే కన్నాల మీద అంటించారు. పెట్టె వేడెక్కింది. ఫర్హానా ఒక మూల చింపబోతే, నోటీసు చింపడం నేరమని అటెండరు దావీదు చెప్పాడు. ఆవిడ ఇంటినుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టుకుంది.

ఏడు రోజులూ డిస్కు నోరు మెదపలేదు. "చూశారా పొగరు!" అన్నారు విరూపాక్షం గారు. ఏకపక్షంగా దోషి అని తేల్చి, విధుల నుంచి తొలగించి, కొత్తది తెప్పించుకోవడానికి అనుమతిచ్చారు. ఫర్హానా ఊపిరి పీల్చుకుంది. కంపెనీవాళ్లు ఆ సాయంత్రమే తెచ్చిచ్చారు. ఆవిడ తన చేత్తోనే దాన్ని మూడో గడిలో దూర్చింది. పచ్చదీపం మినుకుమినుకుమంది.

సరిగ్గా అదే రోజున పైనుంచి ఉత్తర్వు దిగింది. రాష్ట్రమంతటా జాప్యరహిత పక్షోత్సవాలు. పౌరుడు ఆన్‌లైన్ పోర్టల్లో పేరు కొట్టిన మరుక్షణం జవాబు రావాలి. ఏ శాఖ ఎంత వేగంగా జవాబిస్తోందో సచివాలయంలో పెద్ద తెరమీద కనిపిస్తుంది. అందరికంటే వేగమైన శాఖకి బంగారుపూత జ్ఞాపిక.

మర్నాడు విరూపాక్షం గారు స్వయంగా పెట్టె గదిలోకి దిగారు. వెనక పానకాలరావు.

"ఏమ్మా, కొత్త డిస్కు వచ్చాక ఇంకా నెమ్మదించిందేమిటి? నిన్నటికంటే ఘోరంగా ఉంది. తెరమీద మన శాఖ అడుగునుంచి రెండోది!"

"సార్, కొత్తది ఖాళీగా వచ్చింది. పాతదాంట్లో ఉన్నదంతా నాలుగూ కలిసి లెక్కకట్టి దీంట్లో రాయాలి. అది పూర్తయ్యేదాకా నెమ్మదిగానే ఉంటుంది. ఒక్క రోజు పోర్టల్ ఆపితే ముగించేస్తా. ఆ తర్వాత మళ్లీ ఎప్పట్లాగే వేగంగా ఉంటుంది."

"పక్షోత్సవాల్లో ఆపడమా!" విరూపాక్షం గారు పానకాలరావు వైపు తిరిగారు. "కొత్తగా చేరిన గుమాస్తాకి పని నేర్పుతామంటూ సీనియర్లంతా సీట్లొదిలేస్తే ఒప్పుకుంటామాండీ?"

"ససేమిరా సార్."

"ఈ సీనియర్లకి ఈ శ్రమ మంచిది కాదు సార్," అంది ఫర్హానా. "నాలుగూ ఒకే రోజు ఒకే లారీలో వచ్చినవి. ఒకే వయసు. మూడోది పోయిందంటే మిగతావీ ఆ దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. ఇంకొక్కటి పోయిందా, ఇక ఏమీ మిగలదు. కాపీ వేరే ఊళ్లో పెట్టాలని నేను పంపిన ఫైలు ఇంకా అభిప్రాయసేకరణలోనే ఉంది. పానకాలరావు గారూ, మీరన్నా చెప్పండి సార్!"

చెబితే వినేవారే. విరూపాక్షం గారు పానకాలరావు మాట కాదన్నది లేదు. కానీ పానకాలరావు మనసులో లెక్కలు తిరిగాయి. పోర్టల్ ఒక్క రోజు ఆగితే ఆ రోజు వంతులన్నీ వెనక్కి జరుగుతాయి. తన వంతు మరీ అంచున ఉంది, జరిగితే నెల దాటిపోతుంది. రెండేళ్లు, తెర, బెంచీ, బెంచీ మీద జనం, అన్నీ దాటిపోతాయి. ఆ అమ్మాయి మొహం వంక చూడలేక పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు.

"శిక్షణ అవసరమే సార్," అన్నాడు. "అయితే దాన్ని మధ్యాహ్న భోజన విరామానికి పరిమితం చేస్తే ఉభయతారకంగా ఉంటుంది."

"శభాష్!" అన్నారు విరూపాక్షం గారు.

ఆ పూటే ఉత్తర్వు వెలువడింది. కొత్త డిస్కు రోజుకి అరగంట మాత్రం నేర్చుకుంటుంది. మిగతా వేళంతా ఊరికే కూర్చుంటుంది. ఒక్క రోజులో అయ్యే పని ఎన్నాళ్లు పడుతుందో ఫర్హానా లెక్క వేసింది. పక్షోత్సవాలు పోయి ఇంకో పండగ వచ్చేలా ఉంది. ఆవిడ ఆ లెక్క రాసి పంపింది. అది ఫైల్లో చేరింది.

పక్షోత్సవాల ఆఖరిరోజుకి ముందురోజు. పానకాలరావు వంతు ఆ రోజే. కొత్త చొక్కా వేసుకుని, వర్ధనమ్మ కట్టిచ్చిన పులిహోర టిఫిన్‌తో వచ్చాడు. కౌంటరు దగ్గర అందరిలాగే లైన్లో నిలబడ్డాడు, సర్క్యులరు రాసినవాడు కదా. ముందు ముగ్గురున్నారు. తర్వాత ఇద్దరు. అప్పుడు పెట్టె గదిలోంచి కీచుమని ఓ మోత వచ్చి ఆగింది. ఆఫీసులో తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి.

పానకాలరావు పరిగెత్తాడు. ఫర్హానా పెట్టె ముందు నేలమీద కూర్చుని ఉంది. అయిదో గడి దగ్గర ఎర్రదీపం.

"అదనపు బాధ్యతలు..." అన్నాడు పానకాలరావు. "మిగతావాటికి అదనపు బాధ్యతలు ఇద్దామమ్మా!"

"ఎవరికివ్వాలి సార్? మూడోది ఇంకా సగం కూడా నేర్చుకోలేదు. మూడు పాతవీ కలిసి చెప్పగలిగింది ఏమీ లేదు."

"నా పేజీ?"

ఫర్హానా ఎర్రదీపం వైపు చెయ్యి చూపించింది.

"ఆ రోజు ప్రింటు తీసిస్తానన్నావే..."

"మీరే వద్దన్నారు సార్." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మీదొక్కటే కాదు. అందరిదీ పోయింది. మా పాపదీ పోయింది."

విరూపాక్షం గారికి చెబితే ఆయన ఒక నిమిషం నిజంగానే తెల్లబోయారు. వెంటనే తేరుకున్నారు. డిస్కుల్ని బాగుచేసేవాళ్లకి పంపితే కొంతైనా రావచ్చునని ఫర్హానా అంటే, "ప్రభుత్వ రహస్యాలు బయటివాళ్లకా!" అని కొట్టిపారేశారు. "రేపు తెరమీద మన శాఖ నల్లగా కనిపించకూడదు. ఉన్నదేదో దాంతో నడిపించు."

"ఉన్నదేమీ లేదు సార్."

"లేనిదాంతోనే నడిపించు!"

ఫర్హానా ఖాళీ పెట్టెతో పోర్టల్ మొదలెట్టింది. అప్పుడు జరిగిందండీ అద్భుతం. ఎవరు ఏ పేరు కొట్టినా రెప్పవాల్చే లోపల జవాబు వస్తోంది. వెతకడానికేమన్నా ఉంటే గదా ఆలస్యమవడానికి! "దాఖలా లేదు." "దాఖలా లేదు." "దాఖలా లేదు." సచివాలయం తెరమీద మన శాఖ అడుగునుంచి జర్రున పైకి పాకి, సాయంత్రానికి అందరికంటే పైన ఆకుపచ్చగా నిలబడింది. పుట్టినట్టు దాఖలా లేనివాళ్లెవరో గేటు దగ్గర గోల చేస్తే, విరూపాక్షం గారు వాళ్ల వినతిపత్రం మీద ఇలా రాశారు: "ఫిర్యాదుదారులు జన్మించినట్లు ఆధారములు లేనందున, సదరు ఫిర్యాదు ఉత్పన్నము కాలేదు."

పానకాలరావు కూడా తన పేరు కొట్టి చూసుకున్నాడు. తండ్రి పేరు, ఊరు, అన్నీ జాగ్రత్తగా కొట్టాడు. వేలు ఎత్తేలోపలే జవాబొచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే వేగంగా వచ్చింది.

నెలాఖరున బంగారుపూత జ్ఞాపికకీ పానకాలరావు వీడ్కోలుకీ కలిపి ఒకటే సభ పెట్టారు. షామియానా ఒకటే సరిపోయింది. విరూపాక్షం గారు జ్ఞాపిక పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. తర్వాత పానకాలరావుకి శాలువా కప్పి, ఒక కవరు చేతికిచ్చి, "మీకు తెలియకుండా మీ పేరు చిరస్థాయి చేశాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కవర్లో ఉత్తర్వు కాపీ ఉంది. పానకాలరావు కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివాడు.

"భాండాగారమునందలి అయిదుగురు సూపరింటెండెంట్లలో శ్రీ పానకాలరావు పదవీ విరమణ వలన ఏర్పడిన ఖాళీని తక్షణము భర్తీ చేయవలసిన అగత్యము కానరాదు. మిగిలిన నలుగురు సమష్టిగా అదనపు బాధ్యతలు నిర్వర్తింపగలరు. ఆధారము: మూడవ డిస్కు విషయమై శ్రీ పానకాలరావు స్వయముగా వ్రాసిన నోట్."

తన వాక్యమే, పొల్లు పోకుండా. కింద పచ్చసిరా సంతకం. షామియానా కింద మిగిలిన నలుగురు సూపరింటెండెంట్లూ ప్లేట్లలో లడ్డూ పెట్టుకుని అతనివంకే చూస్తున్నారు. నలుగురూ ఒకే ఏడు చేరినవాళ్లు. ఒకే వయసు. ఒకాయనకి బీపీ, ఒకాయనకి షుగరు, ఇద్దరికి రెండూ. వెనక వరసలో ఫర్హానా కూర్చుని ఉంది.

పానకాలరావు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. అతనికి ఒళ్లంతా సిగ్గు కమ్మింది. శాలువా జారిపోతుంటే పట్టుకుని విరూపాక్షం గారి దగ్గరికి జరిగాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో మొదటిసారి పైవాళ్లని ఎదురు ప్రశ్న అడిగాడు.

"సార్, ఈ నలుగురిలో... ఈలోపల ఇంకొకరు పోతేనో?"

విరూపాక్షం గారు జ్ఞాపికని చొక్కా అంచుతో తుడుచుకుంటూ నవ్వారు.

"ఇంకొకరు పోతే పని ఇంకా వేగంగా అవుతుంది పానకాలరావ్ గారూ. చూశాంగా!"